ఎలుగుబంటి తిరుగు చోట్ల రైతు పాటింపవలసిన జాగ్రత్తలు

(సంఘ సమావేశములందు చదివి వినిపింపదగిన పాఠము)



మన పత్రికలో విత్తనములనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, అప్పుల వాయిదాలనుగూర్చియు తఱచుగ వ్రాయుచుందుము. ఈ నెల పాఠము వేఱు విధమైనది. పంట ఎంత బాగుగ పండినను దానిని ఇంటికి చేర్చువాడు క్షేమముగ నుండవలెను గదా. ఉద్దానపు జీడితోటలయందును, కొండ దిగువ మెట్టపొలములయందును, ఇప్పపువ్వు, తునికాకు దొరకు అడవులయందును మనవారు తెల్లవాఱుజామున ఒంటరిగ నడచుచుందురు. ఆ వేళనే ఎలుగుబంటియు ఆహారమునకై తిరుగుచుండును. ఒకరి రాక ఒకరెఱుగక ఇరువురును ఎదురుపడుటయే ఆపదకు మూలము. ఆ ఎదురుపాటును తప్పించుకొనుట యెట్లో, తప్పనపుడు ప్రాణము కాపాడుకొనుట యెట్లో ఈ పాఠమున తెలిసికొందము.

ఇది ఊహించి చెప్పు భయము కాదు. 2022వ సంవత్సరము జూన్ నెలలో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలములోని కిడిసింగి గ్రామమున ఒక ఎలుగుబంటి ఒక రైతును చంపి, మఱి కొందఱిని గాయపఱచినది. పట్టుబడిన పిదప ఆ జంతువును బ్రదుకలేదు. అట్టి సంఘటనలో నష్టపోనివా రెవరును లేరు.

నేనీ పాఠము వ్రాయుటకు స్వంత కారణమును ఒకటి కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట కొండ దిగువ నొక గ్రామమున, పంట ఏఱిన పిమ్మట జీడిచెట్ల కొమ్మలు కత్తిరించు పద్ధతి చూపుటకై రైతులను పిలిచితిని. ఎండ ముదురకముందే ముగింపవలెనని తలచి, ప్రొద్దు పొడుచు వేళకే అందఱును తోటకు రావలెనని చాటించితిని. ప్రక్క పల్లెనుండి ఒక పెద్దరైతు, ఆలస్యమైనచో నేను కోపగింతునేమో యని చీకటితోనే బయలుదేఱి, అడ్డదారిన వాగు దాటి ఒంటరిగ వచ్చెను. వాగు మలుపున పుట్ట త్రవ్వుచున్న ఎలుగును అతడు చూడలేదు. అదియు నతనిని చూడలేదు. ప్రాణముతో బయటపడెను గాని అతని కుడికన్ను పోయెను. ఆసుపత్రిలో నేను చూడబోయినపుడు అతడు నన్ను నిందింపలేదు. "బాబూ, మీరు పిలిసినారు, నానొచ్చినాను. దాన్నెవులూ పిలవలేదు గదా" అని మాత్రమే అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. వేళ నిర్ణయించినవాడను నేను. ఏ కొమ్మ ఎచ్చట కోయవలెనో తెలిసిన నాకు, ఆ యూరి దారులు ఏ వేళ నడువదగినవో తెలియదు, అడుగనును లేదు. నాటినుండి ప్రొద్దు బారెడెక్కనిదే ఏ ప్రదర్శనమును మొదలుపెట్టలేదు. అప్పుడు నేను అడుగవలసియుండి అడుగని సంగతులే ఇప్పుడు మీకు చెప్పుచున్నాను.

౧. ఎలుగుబంటి స్వభావము

దీనిని కొన్ని చోట్ల ఎలుగుగొడ్డనియు, తెలంగాణమున గుడ్డెలుగనియు అందురు. నల్లని జడల వంటి వెండ్రుకలు, ఱొమ్మున గుఱ్ఱపు లాడము వంటి తెల్లని మచ్చ దీని గుర్తులు. ఎదిగిన మగది 80 మొదలు 145 కిలోల వఱకును, ఆడుది 55 మొదలు 105 కిలోల వఱకును తూగును. ముందుకాళ్ల గోళ్లు కొడవలివలె వంగి, మూడంగుళముల వఱకు పెరుగును.

1791లో జార్జి షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ గోళ్లను చూచి, దీనిని దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు ఒక మందజంతువు జాతిలో చేర్చెను. ఆ పొరపాటు తరువాత దిద్దబడినను, ఆంగ్లమున దీనికి "మంద ఎలుగు" అను అర్థమిచ్చు పేరే నిలిచిపోయినది. మందము పేరులోనే గాని కాళ్లలో లేదు. పరుగున మనుష్యుని మించును, చెట్టును ఎక్కును.

దీని ముఖ్యాహారము చెదలు, చీమలు, తేనె, పండ్లు. పైదవడ ముందుపండ్లలో నడిమి రెండు దీనికి లేవు. ఆ సందున పెదవులు ముందుకు చాచి, పుట్టలోని చెదలను కొలిమితిత్తివలె పీల్చును. ఆ చప్పుడు నూఱు గజముల దూరము వినబడును. ఇందొక ముఖ్యమైన సంగతి యున్నది. అట్లు పీల్చుచున్నపుడు తన చప్పుడులో మన యడుగుల చప్పుడు దానికి వినబడదు. చూపును అంత మంచిది కాదు. ముక్కు మాత్రము మిక్కిలి చుఱుకైనది. అయినను గాలి దానివైపునుండి మనవైపు వీచుచున్నచో ఆ ముక్కును పనిచేయదు. కాబట్టి మనము దగ్గఱకు పోవువఱకు అది ఎఱుగకుండుట కలదు. అకస్మాత్తుగ ఎఱిగినపుడు బెదరి మీదబడును.

మన ఎలుగు మనుష్యుని తినుటకై వేటాడు జంతువు కాదు. అది పులులున్న అడవులలో తరతరములుగ బ్రదికినది. పాఱిపోవుటకంటె ఎదిరించి బెదరించుటయే మేలని నేర్చినట్లు శాస్త్రజ్ఞులు తలతురు. అది మీదబడుట ఆకలిచేత గాక భయముచేత జరుగును. ఈ ఒక్క సంగతి మనసున నిలిపినచో తక్కిన జాగ్రత్తలన్నియు తామే బోధపడును.

౨. ఏ కాలము, ఏ వేళ, ఏ చోటు

మంచుదేశపు ఎలుగులవలె మన ఎలుగు చలికాలమంతయు నిద్రింపదు. సంవత్సరము పొడవునను తిరుగును. సాయంసంధ్య మొదలు తెల్లవాఱు వఱకు దాని సంచారము హెచ్చు. పగటివేళ గుహలలోను, బండల సందులలోను, దట్టమైన పొదలలోను పడుకొనును. పగలు భయము లేదని పొదలో కొడవలి పెట్టువాడు దాని పడకలోనే చేయిపెట్టినవాడగును.

ఇప్ప పూయు నెలలు, జీడిపండ్లు రాలు నెలలు, పనస, నేరేడు పండు నెలలు దానికి పండుగ దినములు. మనకును పని దినములవియే. మే మొదలు జూలై వఱకు జతకూడు కాలము. పిల్లలు సాధారణముగ నవంబరు, జనవరి నెలల నడుమ గుహలో పుట్టును. ఒకటి గాని రెండు గాని యుండును. రెండు మూడు నెలలకు వెలుపలికి వచ్చి, తల్లి వీపునెక్కి తిరుగును. పిల్లలుగల తల్లిని మించిన అపాయము లేదు. బైబిలులోని సామెతల గ్రంథమున, పిల్లలు పోయిన ఎలుగును ఎదుర్కొనుట ఘోరాపదకు పోలికగ చెప్పబడినది. పాలస్తీనా గొఱ్ఱెలకాపరికిని మన కొండదిగువ పసులకాపరికిని ఈ విషయమున అనుభవమొక్కటే.

౩. దారిలో చూడవలసిన గుర్తులు

క్రొత్తగ త్రవ్విన చెదపుట్ట, చుట్టు చిమ్మిన మన్ను. చెట్టుబోదెపై గోళ్ల గీతలు. పండ్లగింజలతోను చీమల పెంకులతోను నిండిన పేడ. ఇవి ఎలుగు సంచారమునకు గుర్తులు. వెనుకకాలి అడుగు మనుష్యుని అడుగును పోలియుండును. అయితే వ్రేళ్లు ఇంచుమించు ఒకే వరుసలోనుండి, వాని ముందు గోళ్ల గుంటలు కనబడును. మన్ను తడి ఆఱనిచో అది దగ్గఱనే యున్నదని తలచి, వచ్చిన దారినే మరలవలెను. ఆ దినము ఆ పని నిలిచినచో కొంపమునుగదు.

౪. నడచునపుడు

ఒంటరిగ పోరాదు. ముగ్గురు నలుగురు కలిసి, విడిపోక నడువవలెను. 2023 ఆగష్టు నెలలో తిరుమల నడకదారిని ఒక బాలిక చిరుతపులి వాతబడిన తరువాత, దేవస్థానమువారు యాత్రికులను గుంపులుగ పంపుటకు ఏర్పాటుచేసిరి. మెట్లదారిన భక్తునికి పనికివచ్చిన సూత్రము పొలముదారిన రైతునకును పనికివచ్చును.

చప్పుడు చేయుచు నడువవలెను. పూర్వము తపాలా మోయు బంట్రోతులు గజ్జెలు కట్టిన బల్లెము చేతబట్టి అడవిదారుల పరుగెత్తెడివారు. ఆ గజ్జెలు అలంకారమునకు కావు. మృగములకు ముందుగ తెలియజేయుటకే. మనమును చేతికఱ్ఱకు నాలుగు గజ్జెలు గాని, ఎద్దుమెడ గంట గాని కట్టుకొనవచ్చును. వాగు మలుపులు, బండల సందులు, పొదల మొగలు, ఎదురుగాలి వీచుచోట్లు వచ్చినపుడు గొంతెత్తి మాటలాడవలెను. చెవులలో సెల్‌ఫోను పాటలు పెట్టుకొని పోవువాడు తన చెవులను మూసికొనుటయే గాక, తన నోటిని కూడ మూసికొన్నవాడగును.

చీకటివేళ మోటారు వేయుటకు పోవలసినచో మంచి టార్చిలైటుతో ఇరువురు పోవలెను. బహిర్భూమికై తోటలకు పోవు అలవాటు మానవలెను. ముఖ్యముగ స్త్రీలును వృద్ధులును ఇంటి మఱుగుదొడ్డినే వాడునట్లు చూడవలెను. ఇప్పపువ్వు ఏఱబోవువారు తెలవాఱిన తరువాతనే, గుంపుగ పోవలెను. వంగి ఏఱుచున్న వారిలో ఒకరు నిలిచి చుట్టు చూచుచుండవలెను. కుక్కను విడిచిపెట్టి తీసికొనిపోరాదు. అది పొదలోని ఎలుగును రేపి, బెదరి యజమాని కాళ్లకడకే దానిని తెచ్చును.

౫. ఎదురుపడినపుడు

దూరమున కనబడినచో, అది మనలను చూడనిచో, మాటలాడక మెల్లగ వెనుదిరిగి వచ్చిన దారినే పోవలెను. ముందుగనే చప్పుడు చేయుట ఎదురుపాటు తప్పించుటకు. చూచిన తరువాత అఱచుట దానిని రేపుటకు. ఈ భేదమును మఱువరాదు.

దగ్గఱనే ఎదురైనచో పరుగెత్తరాదు. పరుగెత్తినచో వెన్ను చూపినవారమగుదుము. గెలువలేని పందెమున దిగినవారమగుదుము. చెట్టెక్కుటయు పనికిరాదు. ఎలుగు వెనుకకాళ్లపై నిలువబడుట చాలవఱకు వాసన పట్టుటకును, చూచుటకును. అంతమాత్రమున మీదబడుచున్నదని తలపరాదు. దానివైపు ముఖముంచి, ఒక్కొక్క అడుగు వెనుకకు వేయుచు, మెల్లని గొంతుతో మాటలాడుచు, దానికి పోవుటకు దారి విడువవలెను. ఱాళ్లు రువ్వరాదు. చేత కఱ్ఱయున్నచో నడుమ అడ్డముగ పట్టవలెనే గాని మొదటి దెబ్బ మనము కొట్టరాదు. పిల్ల కనబడినచో తల్లికిని పిల్లకును నడుమ ఎన్నడును నిలువరాదు.

౬. మీదబడినపుడు

ఇద్దఱు స్నేహితులు, ఎలుగుబంటి అను కథ మనమందఱమును పాఠశాలలో చదివినదే. ఒకడు చెట్టెక్కెను, రెండవవాడు చచ్చినట్లు పడియుండెను, ఎలుగు వాసన చూచి పోయెను. ఆ కథలో కొంత నిజమును, కొంత అపాయమును కలవు. ఎలుగు దూరముననున్నపుడే పడుకొనుట తప్పు. తప్పించుకొను అవకాశము చేజాఱును. వెల్లకిల పడుట అంతకంటె తప్పు. మన ఎలుగు ముఖ్యముగ ముఖముమీదను తలమీదను కొట్టును.

మీదబడుట ఇక తప్పదని తెలిసిన క్షణమున బోర్లపడవలెను. ముఖము నేలకు ఆనించి, రెండు చేతుల వ్రేళ్లు మెడవెనుక పెనవేసి, మోచేతులతో చెంపలు కప్పుకొనవలెను. కాళ్లు కొంచెము ఎడముగ నుంచినచో అది సులభముగ త్రిప్పివేయలేదు. వీపున గోనెసంచి గాని, గంప గాని యున్నచో విడువరాదు. అది కొంత కవచమగును. పెనుగులాడక, కేకలు వేయక, కదలక యుండవలెను. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టమని నేనెఱుగుదును. "భల్లూకపు పట్టు" అను మాట వాడుకలోనున్నను, నిజమునకు ఎలుగు సాధారణముగ కొద్దిసేపు మాత్రమే కొట్టి, ఎదుటివాడు కదలనిచో విడిచి పాఱిపోవును. అది పోయినదని నిశ్చయమగువఱకు లేవరాదు. వెంటనే లేచినవానిపై అది మరల పడుట కలదు.

తోడివారు పాఱిపోరాదు; మీదికి దూకనురాదు. ఒకచోట చేరి కలిసి పెద్దగ కేకలు వేయుచు, అది పోవుటకు ఒక దారి విడిచి బెదరింపవలెను.

౭. గాయపడినవానికి చేయవలసిన సాయము

మొదట 108కి కబురుచేయవలెను. రక్తము కాఱుచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగ అదిమి పట్టవలెను. ముఖమున గాయమైనచో, నోటిలోని రక్తము గొంతునకు అడ్డుపడకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. వ్రేలాడు చర్మమును కోసివేయరాదు. దాని చోటనే ఆనించి శుభ్రమైన తడిగుడ్డ కట్టవలెను. వైద్యుడు దానిని కుట్టగలడు. పసుపు, సున్నము, కాఫీపొడి, ఆకుపసరు పెట్టరాదు.

రక్తము ఎక్కువగ కాఱని గాయములను సబ్బుతోను, పాఱునీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. కాటుగాని గీఱుగాని చిన్నదేయైనను ఆసుపత్రికి పోయి, పిచ్చికుక్క కాటునకు వేయు టీకాను, ధనుర్వాతపు సూదిని తీసికొనవలెను. పిచ్చివ్యాధి అడవిమృగములకును సోకును. అది బయటపడిన తరువాత మందు లేదు. తరువాత అటవీశాఖ కార్యాలయమున అర్జీ యిచ్చి, వైద్యుని ధ్రువపత్రము జతపఱచినచో ప్రభుత్వ పరిహారమునకు వీలుకలుగును. కాగితములు వ్రాయుటలో సంఘ కార్యదర్శి సాయపడవలెను.

౮. తోటయందును, ఇంటియందును

రాలిన జీడిపండ్లను, పనసతొనల చెత్తను ఇంటిదగ్గఱ కుప్పవేయరాదు. గుంటలో వేసి మన్ను కప్పినచో ఎరువును అగును, ఎలుగును రాదు. పనస పండి వాసన వేయకముందే కోయవలెను. నడకదారికి ఇరుప్రక్కల పదేసి గజములు పొద కొట్టివేసినచో మనకు ఎలుగును, ఎలుగునకు మనమును ముందే కనబడుదుము. పొద కొట్టుటకు ముందు డబ్బా వాయించి కొంతసేపు ఆగవలెను. పంట కావలియుండువారు నేలపై పరుండరాదు. కట్టులేని నేలనూతులకు కట్టు కట్టింపవలెను. జంతువు పడినను, మనుష్యుడు పడినను ఆపదయే.

కంచెలకు కరెంటు తీగ పెట్టుట మహాపరాధము. ఎలుగుకై పెట్టిన తీగకు తన బిడ్డయే బలియైనచో ఆ తండ్రిని ఓదార్చువారెవరు?

౯. గ్రామమున ప్రవేశించినపుడు

ఎలుగు ఊరిలోనికి వచ్చినపుడు కఱ్ఱలతో చుట్టుముట్టుటయే మన అలవాటు. నలువైపుల దారి మూసినచో అది ఏదో ఒక మనుష్యునిమీదుగనే దారి చేసికొనును. పిల్లలను ఇండ్లలోనుంచి తలుపులు వేసి, అడవివైపు దారి విడిచి, అటవీశాఖవారికి కబురు పంపవలెను. సెల్‌ఫోనుతో బొమ్మలు తీయుటకు దగ్గఱకు పోరాదు.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఎలుగుబంటి మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవారికి మూడేండ్లకు తగ్గక, ఏడేండ్ల వఱకు కారాగారశిక్ష కలదు. ప్రాణరక్షణకై సద్బుద్ధితో చేసినది నేరము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. పగదీర్చుకొనుట మాత్రము ప్రాణరక్షణ కాదు. అది పండ్లు తిని గింజలను అడవియంతట వెదజల్లును, చెదలను తినును. రామాయణమున జాంబవంతుని పెద్దవానిగ మన్నించిన జాతి మనది. మ్రొక్కనక్కఱలేదు గాని, దాని దారి దానికి విడుచుట మనకు నష్టము కాదు.

౧౦. సంఘము చేయదగిన పని

సహకారమన అప్పు తీసికొనుటయు తీర్చుటయు మాత్రమే కాదు. ఒంటరివాడు చేయలేనిది పదిమంది కలిసి చేయుటయే సహకారము. ఎలుగు విషయమున ఈ సూత్రమునకు మించిన మందు లేదు. ప్రతి సంఘమును ఈ క్రింది నాలుగు పనులకు తీర్మానము చేయవలెనని నా ప్రార్థన.

ఒకటి: ఒకే దారిన పోవు తోటలవారు జట్టుగ ఏర్పడి, కలిసి పోయి కలిసి వచ్చుట. రెండు: సంఘపు సొమ్ముతో రెండు మూడు టార్చిలైట్లు, గజ్జెకఱ్ఱలు, గాయములకు కట్టు సామాను కొనియుంచుట. మూడు: ఎలుగు గుర్తులు కనబడినచోటును, వేళను సంఘ కార్యాలయపు పలకపై ఆ దినమే వ్రాయుట. నాలుగు: కొలతలు, కొనుగోళ్లు, సమావేశములు, ప్రదర్శనములు, వీనిలో దేనికిని తెల్లవాఱకముందు గాని చీకటిపడిన తరువాత గాని సభ్యుని నడిపింపకుండుట. ఈ నాలుగవదానికి పైసా ఖర్చు లేదు. వేళ నిర్ణయించువాడు దూరపు సభ్యుని దారిని తలచుకొన్న చాలును.

పైని చెప్పిన పెద్దరైతు ఇప్పటికిని నా ప్రదర్శనములకు వచ్చుచున్నాడు. ఒంటరిగ రాడు, తన పల్లెనుండి అయిదారుగురను వెంటబెట్టుకొని, గజ్జెకఱ్ఱ చేతబట్టి వచ్చును. ఆ గజ్జెల చప్పుడు వినబడినపిదపనే నేను పాఠము మొదలుపెట్టుదును.

సమావేశమున అడుగదగిన ప్రశ్నలు

1. ఎలుగు మనుష్యునిపై ఎందుచేత పడును? ఆకలిచేతనా, భయముచేతనా?

2. పుట్ట త్రవ్వుచున్న ఎలుగునకు మన రాక ఎందుచేత తెలియదు?

3. చప్పుడు ఎప్పుడు చేయవలెను? ఎప్పుడు చేయరాదు?

4. మీదబడినపుడు ఏ విధముగ పడుకొనవలెను? (ఒక సభ్యుడు చేసి చూపవలెను.)

5. చిన్న గీఱునకు కూడ ఆసుపత్రికి ఎందుకు పోవలెను?

6. మన గ్రామమున తెల్లవాఱకముందు ఒంటరిగ నడచువారెవరు? వారికి తోడుగ ఎవరు పోవుదురు?

కడపటి ప్రశ్నకు సమాధానము ఈ పాఠమున లేదు. అది మీ సమావేశముననే, పేర్లతో సహా వ్రాయబడవలెను.